బార్బడోస్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట

మొన్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నేను రిటైరై ఏడాది దాటింది కానీ వాళ్ళ దగ్గర నా నంబరు ఇంకా రిటైర్ కాలేదు. కొత్తగా చేరిన అమ్మాయి. బార్బడోస్‌కి మనవాళ్ళకు వీసా అక్కర్లేదని ఫోన్‌లో చూశాను మేడమ్, టికెట్ తీసేయమంటారా అని అడిగింది. "తీసెయ్యి తల్లీ, ఆ తర్వాత చెన్నై ఎయిర్‌పోర్టులో వాళ్ళ ఏడుపు కూడా నువ్వే విను" అన్నాను. పాపం, బెదిరిపోయి ఫోన్ పెట్టేసింది. నా నోరు అంతే, ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ తర్వాత బాధేసింది. ఆ పిల్లను భయపెట్టే బదులు తెలిసింది చెప్పి ఉండొచ్చు కదా అనిపించి ఇది రాయడానికి కూర్చున్నాను.

నా పేరు ప్రమీల. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో, టికెట్లు చేత్తో రాసే కాలంలో చేరి, అన్నీ ఫోన్‌లోకి వచ్చేసిన కాలంలో బయటికొచ్చాను. నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో చెప్పి మీ ప్రాణం తీయను. కౌంటర్లో కూర్చుంటే అసలు పని ఏమిటో అది చెబుతాను. టికెట్ అమ్మడం పని కాదు. మనిషిని ఇంటి గుమ్మం నుంచి ఎక్కడికి చేరాలో అక్కడికి చేర్చడం పని. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో నాకు బార్బడోస్ నేర్పింది. నేనేమో ఆ దేశం మొహం కూడా చూడలేదు.

పటంలో చూస్తే ఈగ వాలినట్టుంటుంది ఆ దీవి. నెల్లూరు నుంచి అక్కడికి ఎవరు పోతారమ్మా అంటారు. క్రికెట్ పిచ్చివాళ్ళు పోతారు. ఓడల్లో పనిచేసేవాళ్ళు పోతారు. ఓడల్లో పనిచేసేవాళ్ళ కోసం వాళ్ళ ఆడవాళ్ళు పోతారు.

*మారే ఊరు*

మా ఓనరు మస్తానయ్య గారికి ముక్కు మీద కోపం. నాకున్నది ఆయన దగ్గర అంటుకున్నదే. ఏ టికెట్ తీసుకెళ్ళి చూపించినా ఆయన అడిగే మొదటి ప్రశ్న "యాడ మారతారు?" అని. అంటే విమానం ఎక్కడ మారతారు అని. ఎక్కడ దిగుతారో తర్వాత అడిగేవారు.

ఒకప్పుడు ఆయన ఊళ్ళో లేని సమయంలో మా మేనేజరు అద్దం మీద రంగురంగుల బోర్డు పెట్టాడు, వీసా లేకుండా దీవులకు ఎగిరిపోండి అని. చిల్లకూరు నుంచి కొత్తగా పెళ్ళైన జంట ఆ బోర్డు చూసి లోపలికొచ్చింది. దారిలో లండన్‌లో మారే టికెట్ చవగ్గా దొరికిందని మేనేజరు అది ఇచ్చేశాడు. బార్బడోస్ వాళ్ళు వీసా అడగరు, నిజమే. కానీ మధ్యలో విమానం మారే దేశం అడుగుతుంది, అక్కడ గంటసేపు కుర్చీలో కూర్చోవడానికి కూడా కాగితం కావాలంటుంది. చెన్నైలో కౌంటర్ దగ్గరే ఆపేశారు. ఆ అమ్మాయి చేతుల మీద గోరింటాకు కూడా పోలేదు. వచ్చిన కారులోనే వెనక్కి వచ్చారు.

మస్తానయ్య గారు తిరిగొచ్చి, నన్ను వెంటబెట్టుకుని చిల్లకూరు వెళ్ళారు. పెళ్ళికూతురి నాయనమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆ తర్వాత దులిపేసింది. అంత కోపిష్టి మనిషి ఒక్క మాట ఎదురు చెప్పకుండా తల వంచుకుని అన్నీ పడ్డారు. వేరే దారిలో టికెట్లు ఇప్పించి పంపారు. ఆఫీసుకొచ్చాక బోర్డు పీకి అవతల పారేసి మా అందరితో అన్నారు: "దిగే ఊరు ఎవురైనా చూస్తారు. మీకు జీతం ఇచ్చేది మారే ఊరు చూసేదానికి."

కౌంటర్లో కూర్చునే పిల్లలూ, మీకు నేను చెప్పేదీ అదే. పోయిన నెల చూసిన రూలు ఈ నెల ఉండదు. టికెట్ తీసే రోజున విమానం కంపెనీనీ, ఆ దేశాల ఎంబసీల సమాచారాన్నీ మళ్ళీ చూడండి. తిరుగు టికెట్ లేకుండా, ఎక్కడ ఉంటారో చిరునామా లేకుండా ఎవర్నీ పంపొద్దు, దిగగానే అడిగేది ఆ రెండే. ఆఫ్రికా మీదుగానో దక్షిణ అమెరికా మీదుగానో పోతుంటే పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్, టీకా కార్డు కావాలేమో అడగండి.

*పెంచలయ్య ప్యాంటు*

పెంచలయ్యది కొడవలూరులో రైస్ మిల్లు. మనిషి మంచివాడే, గొంతే పెద్దది. మాట్లాడితే మిల్లు ఆడుతున్నప్పుడు మాట్లాడినట్టే ఉంటుంది. క్రికెట్ కోసం స్నేహితులతో కలిసి బార్బడోస్ పోయాడు. పోతూ పోతూ హైవే పక్క దుకాణంలో అందరికీ ఒకేలా మిలిటరీ రంగు ప్యాంట్లు కొనిపెట్టాడు, ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలు మచ్చలుగా ఉంటాయే, అవి. ఆ దేశంలో సైన్యం తప్ప ఇంకెవరూ ఆ రంగు వేసుకోకూడదు. చిన్నపిల్లల టోపీ అయినా సరే, చట్టం ఒప్పుకోదు. వద్దయ్యా అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా చెవిన వేసుకోలేదు. దిగగానే ప్యాంట్లన్నీ తీసేసుకున్నారు.

తిరిగొచ్చాక నా ముందు కుర్చీలో కూలబడి, ప్యాంట్లు పోతే పోయినాయిలే, ఆ మనుషులేంది అట్టా ఉండారు అని మొదలుపెట్టాడు. పొద్దుగూకాక ఏ అంగట్లో అడుగు పెట్టినా, నోరు తెరవకముందే గుడ్ నైట్ అంటారట. అంటే ఇంక పో అని మొహాన చెప్పడమే కదా అని ఆయన బాధ. ఆయనకు రోషం ఎక్కువ. ఒక్క క్షణం నిలబడకుండా వెనక్కి తిరిగి వచ్చేసేవాడట. అక్కడ ఉన్నన్ని రోజులూ సాయంత్రాలు ఇంటి నుంచి తీసుకుపోయిన చెక్కలూ మురుకులూ తినే గడిపాడు.

ఆ దేశంలో పలకరింపు చాలా ముఖ్యమని మాకు తెలుసు. బస్సు ఎక్కినా, అంగడికి పోయినా, దారి అడగాలన్నా ముందు గుడ్ మార్నింగో, గుడ్ ఆఫ్టర్‌నూనో చెప్పాలి. చెప్పకుండా "ఇదెంత?" అని అడిగితే మొహం అటు తిప్పుకుంటారు. పెంచలయ్య ఆ గొంతేసుకుని బేరం మొదలుపెట్టి ఉంటాడు, వాళ్ళు పంపించేసి ఉంటారు అనుకున్నాను. ఆయన అటు పోగానే ఆఫీసులో అందరం పడీ పడీ నవ్వుకున్నాం.

*సంచి సర్దేటప్పుడు*

కొన్ని మాటలు గబగబా చెప్పేస్తాను. అక్కడ కరెంటు మన కంటే తక్కువ, ప్లగ్గు రెండు చదును పుల్లలది. ఫోన్ చార్జరుకు చిన్న అడాప్టరు చాలు. రైస్ కుక్కరు తీసుకుపోతామనే ఆడవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు, తీసుకుపోతే అన్నం ఉడకదని చెప్పండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు. బండ్లు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి. బస్సు స్టాపుల మీద పట్నంలోకి అని కొన్నిటికి, పట్నం బయటికి అని కొన్నిటికి రాసి ఉంటుంది, అది చూసి నిలబడితే దారి తప్పే పనే లేదు. సముద్రం దగ్గర వేసుకునే బట్టలతో ఊళ్ళో తిరిగితే తప్పుగా చూస్తారు. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల కాలం, మన తీరంవాళ్ళకు ఆ మాట ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. సముద్రపు ఒడ్డున చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు కాసే చెట్లుంటాయి. కొన్నింటి మొదట్లో ఎర్ర రంగు పట్టీ వేసి ఉంచుతారు. ఆ కాయ తినకూడదు, ఆకు తాకకూడదు, వాన వస్తే ఆ చెట్టు కింద నిలబడకూడదు. మీద పడిన నీటి బొట్టుకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. మనవాళ్ళకు చెట్టు కనిపిస్తే కిందికి పోయి నిలబడటం, కాయ కనిపిస్తే కోయడం అలవాటు కాబట్టి ఇది రెండుసార్లు చెప్పండి.

తినే వస్తువులు ఏం తీసుకుపోయినా దిగాక అడిగితే దాచకుండా చెప్పమనండి. మాంసం, చేప, పచ్చి కాయలు అసలు పెట్టుకోనివ్వద్దు.

*సలోమి*

వాకాడు వైపు సముద్రం పక్కన పల్లె సలోమిది. చేపలు అమ్ముతుంది. భర్త దేవదానం సరుకుల ఓడలో వంటమనిషి. ఓడ నడుస్తుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. దగ్గర్లో ఉన్న రేవు బార్బడోస్ కాబట్టి అక్కడ ఆసుపత్రిలో దింపారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు, దాని దారిన అది పోయింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. చెప్పింది అర్థమవుతోంది కానీ తిండి ముట్టడం లేదని, చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పేస్తున్నాడని, ఇలాగే ఉంటే విమానం ఎక్కించే స్థితికి రాడని అక్కడి డాక్టర్లు చెప్పారు. సొంత మనిషి ఎవరైనా వస్తే మంచిదన్నారు. ఓడ కంపెనీ ఖర్చు పెట్టుకుని, టికెట్ సంగతి మాకు అప్పగించింది.

సలోమి వాళ్ళ బావగారితో కలిసి వచ్చి నా ముందు కూర్చుంది. ఎప్పుడో చర్చివాళ్ళతో జెరూసలేం యాత్రకని పాస్‌పోర్టు తీయించుకుంది. ఆ యాత్ర ఆగిపోయి, పాస్‌పోర్టు బీరువాలో ఉండిపోయింది. దేవుడు అందుకే తీయించాడేమో అంది. ఆ తర్వాత నన్ను ఒక్కటే అడిగింది.

"అక్కా, నేను పోయేలోపల ఆయన ఉంటాడా?"

కంప్యూటర్ వైపు తిరిగి టైపు చేస్తున్నట్టు నటించాను.

మేనేజరు మళ్ళీ లండన్ దారి చూపించాడు. వీసాకి తిరిగే సమయం ఎక్కడుందని అతనితో గట్టిగానే గొడవపడ్డాను. అప్పట్లో విమానాశ్రయం దాటి బయటికి రాకపోతే మనవాళ్ళను కాగితం అడగని ఊరు ఒకటి యూరప్‌లో ఉంది, ఆ దారిలో వేశాను. మస్తానయ్య గారు టికెట్ చూసి, యాడ మారతాది అని అడిగి, విని, తల ఊపారు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే.

సలోమికి ఇంగ్లిష్ ముక్క రాదు. మా ఆఫీసులోనే కూర్చోబెట్టి మూడు నాలుగు మాటలు నేర్పించాను. భర్త ఆసుపత్రిలో ఉన్నాడని, తిరుగు టికెట్ ఉందని చెప్పడం. ఏదైనా అడిగే ముందు గుడ్ మార్నింగ్, గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పడం. దిగగానే అక్కడి సిమ్ కొనుక్కోవడం. ఆమె పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పేది.

బయలుదేరే రోజు సంచి చూద్దామని విప్పితే చీర మడతల మధ్య ఎండు నెత్తళ్ళు, వేలెడంత ఎండుచేపలు. ఆఫీసంతా గుప్పుమంది. తీసెయ్యమన్నాను. "అవి లేకుండా ఆయనకు ముద్ద దిగదక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయినా నా చేత్తోనే తీసి పక్కన పెట్టాను. అక్కడ ఆపేస్తే అసలుకే మోసం వస్తుంది. కళ్ళు తుడుచుకుని, సంచి కట్టుకుని, లేచి, "వస్తానక్కా" అని వెళ్ళింది.

*తలుపు దగ్గర*

చేరినానని ఒక మాట పంపింది. ఆ తర్వాత చప్పుడు లేదు. భర్త దగ్గర ఉండి ఉంటుందిలే అనుకున్నాను.

తెల్లవారుజామున ప్రార్థనకు లేవడం నా అలవాటు. మనకు తెల్లవారుజామైతే వాళ్ళకు ముందురోజు సాయంత్రం, పొద్దుగూకే వేళ. బైబిలు తెరిచేలోపల ఫోన్ మోగింది. సలోమి గొంతు పీలగా ఉంది.

"అక్కా, నన్ను ఆయన్ని చూడనీయడంలా."

నెమ్మదిగా చెప్పమన్నాను. ఓడ కంపెనీ మనిషి ఆమెను గెస్ట్‌హౌస్‌లో పెట్టాడు. రోగుల్ని చూసే సమయం సాయంత్రమే, కారు వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర దింపి పోతుంది. దిగిన రోజు సాయంత్రమే కాగితం చూపించి అడుగుతూ వార్డు తలుపు దాకా పోయింది. అక్కడ నర్సమ్మ ఉంది. ఈమెను చూడగానే నవ్వుతూ గుడ్ నైట్ అంది. ఆలస్యమైపోయింది కాబోలనుకుని ఈమె నర్సుకు దండం పెట్టి తిరిగొచ్చేసింది. మర్నాడు కారువాడిని తొందరపెట్టి ముందే పోయింది. అక్కడ చీకటి తొందరగా పడుతుంది. ఆ నర్సే, ఆ నవ్వే, ఆ గుడ్ నైటే. మళ్ళీ వచ్చేసింది. ఇది మూడో సాయంత్రం. లోపలికి పోయే ధైర్యం లేక వార్డు బయట వరండాలో నిలబడి నాకు ఫోన్ చేసింది.

"నేనేం తప్పు చేసినానక్కా? నా కాడ చేపల వాసన ఏమైనా వస్తా ఉందా?"

ఇంత దూరం పోయి, భర్త గోడకు అవతల ఉంటే, ఈ పిల్ల తన ఒంటి వాసన చూసుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. దాంతో పాటు పెంచలయ్య గుర్తొచ్చాడు. ఆయన గొంతుకు జడిసి ఎవరైనా పొమ్మన్నారంటే నమ్ముతాను. కానీ సలోమి మాట్లాడితే పక్కనున్నవాళ్ళకే వినబడదు. ఆమెను కూడా, అదీ నవ్వుతూ, ఎవరు పొమ్మంటారు? ఇద్దర్నీ పొద్దుగూకాకే, గుమ్మంలోనే, నోరు విప్పకముందే. మరి ఆ మాటకు అర్థం మనం అనుకున్నది కాదేమో.

"నర్సుకి ఏం చెప్పి తిరిగొచ్చినావు?" అని అడిగాను.

"ఏం చెప్తానక్కా, వస్తానమ్మా అన్నా."

"వస్తానని వచ్చినావా, పోయినావా?"

"పోయినా కదక్కా."

"పోయేటప్పుడు మనం వస్తానంటాం కదా సలోమీ. వాళ్ళు వచ్చినవాళ్ళతో గుడ్ నైట్ అంటారేమో. అది పొమ్మనడం కాదు, పలకరింపు. నువ్వు కూడా గుడ్ నైట్ అని, నిలబడకుండా లోపలికి నడువు. ఎవురన్నా ఆపితే ఫోన్ వాళ్ళ చేతికియ్యి. ఫోన్ మాత్రం పెట్టేయొద్దు."

చెప్పాను గానీ నాకు మాత్రం ఏం తెలుసు? తప్పైతే ఆ పిల్లను నిజంగానే బయటికి పంపుతారు, ఇక ఆ గడప తొక్కదు. ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని దేవుడా దేవుడా అనుకుంటూ కూర్చున్నాను. చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక ఆడగొంతు గుడ్ నైట్ అంది, ఎంత చక్కగా అందో. సలోమి మెల్లగా "గుడ్ నైట్ అమ్మా" అంది. చెప్పుల చప్పుడు ఆగలేదు. కొంచెం దూరం నడిచి, అప్పుడు ఆగింది.

"ఏమయ్యా" అంది సలోమి. అంతే. ఆ తర్వాత ఏడుపు. అది నేను వినాల్సింది కాదు కాబట్టి ఫోన్ పెట్టేశాను.

తర్వాతి సంగతులు సలోమి వచ్చాక చెప్పింది. ఆ దేశంవాళ్ళు మొక్కజొన్న పిండిలో బెండకాయ ముక్కలేసి గట్టిగా కెలికి, చేపల పులుసుతో తింటారట. మన సంగటే అక్కా, పేరే వేరు అంది. ఆసుపత్రివాళ్ళు ఒప్పుకున్నాక అది మెత్తగా చేసి ఆయనకు చేత్తో ముద్దలు పెట్టింది. కొన్ని వారాలకు డాక్టర్లు ఇంటికి పోవచ్చన్నారు, తోడుగా ఒక నర్సునిచ్చి ఇద్దర్నీ పంపించారు. ఒక్క విషయం మాత్రం ఆమెకు అర్థం కాలేదు. ఈమె లోపలికి అడుగు పెట్టడానికి ముందే, ఈమె దిగిన రోజు సాయంత్రం నుంచే, ఆయన చెంచాతో ఇచ్చిన గంజి మింగడం మొదలుపెట్టాడని నర్సులు చెప్పారట. మందు పనిచేసి ఉంటుందిలే అనుకున్నాం ఇద్దరం.

ఇప్పుడు ఆ దేశం పోయే ప్రతివాళ్ళకూ టికెట్ చేతికిస్తూ గుడ్ నైట్ సంగతి చెప్పండి. పెంచలయ్యకు కూడా ఫోన్ చేసి చెప్పాను. అయితే వాళ్ళంతా నన్ను రమ్మన్నారా అక్కా, నేనే మొహం మాడ్చుకుని వచ్చేసినానా అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గడం విన్నాను.

నేను రిటైరయ్యాక ఒక ఆదివారం సలోమి, దేవదానం మా ఇంటికొచ్చారు. ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట వచ్చింది, కొంచెం ముద్దగా, ఆగి ఆగి. అన్నం తిన్నాక, ఆ సాయంత్రాల గురించి నేనూ సలోమీ చెప్పుకుంటుంటే ఆయన చెయ్యి ఎత్తి మమ్మల్ని ఆపాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "రెండు పొద్దులూ తలుపు కాడ దీని గొంతు విన్నా. పిలుద్దామంటే నోరు రాలా."

సలోమి చేతిలో గ్లాసు కింద పెట్టి ఆయన వైపు తిరిగింది. ఈ మాట ఆమెకు ఆయన ఇంతవరకు చెప్పలేదు.

"పోతా ఉందని తెలస్తా ఉంది. కానీ వస్తానమ్మా అనింది కదక్కా. అనింది కాబట్టి వస్తాదిలే అనుకున్నా. వచ్చేదాకా ఉండాల కదా అని, ఆ మొదటి పొద్దే గంజి మింగినా."